ఇంకా చేయాల్సింది ఉందా?

అమెరికాలో నడివయసు, పెద్దవయసు వాళ్ల ఆరోగ్యం మీద 1995లో ఒక పెద్ద సర్వే మొదలైంది. దాన్ని ‘మిడస్’ అంటారు. నిద్ర, సంపాదన, పెళ్లి, జబ్బుల గురించి వందల ప్రశ్నలున్న ఆ సర్వేలో ఓ మూల మూడు వాక్యాలు కనిపిస్తాయి. గమ్యం లేకుండా తిరిగేవాళ్లలో నేను ఒకణ్ని కాదు అన్నది మొదటిది. ఏ రోజుకారోజు గడిపేస్తాను, రేపటి గురించి పెద్దగా ఆలోచించను అన్నది రెండోది. జీవితంలో చేయాల్సిందంతా చేసేశాననిపిస్తుంది అన్నది మూడోది. మనిషికి జీవితాశయం ఉందో లేదో కొలవడానికే ఈ మూడూ. ఒక్కోదాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో చెబితే చాలు, అర నిమిషం పని.

పాట్రిక్ హిల్, నికొలస్ టురియానో అనే ఇద్దరు పరిశోధకులు ఆ అర నిమిషం జవాబులను తీసుకుని, ఆరు వేల మందికి పైగా జనాన్ని 14 ఏళ్ల పాటు లెక్కలో ఉంచారు. ఆ మధ్యలో 569 మంది చనిపోయారు. జీవితానికో దిశ ఉందని చెప్పినవాళ్లలో మరణాలు తక్కువ. వయసు చిన్నదైనా పెద్దదైనా, ఉద్యోగంలో ఉన్నా రిటైరైనా అదే తీరు. ఎంత సంతోషంగా ఉన్నారు, నలుగురితో సంబంధాలు ఎలా ఉన్నాయి అన్నవి కూడా కలిపి లెక్కగట్టి చూశారు. అయినా తేడా పోలేదు. ఈ ఫలితం 2014లో అచ్చయింది.

జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 43,391 మందిని ఏడేళ్లు గమనించిన మరో అధ్యయనం 2008లో వచ్చింది. అక్కడ అడిగింది ఒకటే ప్రశ్న: మీ బతుక్కి ‘ఇకిగాయ్’ ఉందా? ఉదయం లేవడానికి తగిన కారణం ఉందా అని దాని ఉద్దేశం. లేదన్నవాళ్లకు మరణ ముప్పు దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ ఎక్కువ మరణాలు ప్రధానంగా గుండె, రక్తనాళాల జబ్బుల వల్లా, ప్రమాదాలు, ఆత్మహత్యల వంటి బయటి కారణాల వల్లా జరిగాయి. క్యాన్సర్‌లో మాత్రం తేడా కనిపించలేదు. అన్ని జబ్బులకూ ఒకేలా పనిచేసే మంత్రం ఇక్కడేమీ లేదన్నమాట.

పైన చెప్పిన ప్రశ్నల్లో ఒక విషయాన్ని చాలామంది పట్టించుకోరు. లక్ష్యం ఉందా అని అడిగారే తప్ప, ఆ లక్ష్యం ఏమిటని ఎవరూ అడగలేదు. ఆసుపత్రి కట్టించాలని పట్టుబట్టిన మనిషికీ, మనవరాలికి లెక్కలు వచ్చేదాకా వదలనని కూర్చున్న తాతకూ ఈ కొలతలో ఒకే మార్కులు పడొచ్చు. జీవితాశయం అనగానే ఏదో గొప్ప పిలుపు వినిపించాలని, మనసు లోతుల్లో దాక్కున్న ఒక్క అసలైన ఇష్టాన్ని తవ్వి తీయాలని వ్యక్తిత్వ వికాసం వక్తలు చెబుతుంటారు. ఆ మాటకు ఈ పరిశోధనల్లో ఆధారం వెతికితే దొరకదు. వీటిలో తేలింది అంతకంటే చాలా చిన్న సంగతి: నా పని ఇంకా అయిపోలేదు అనుకునే మనుషులు సగటున ఎక్కువకాలం బతుకుతున్నారు.

అయితే ఇలాంటి లెక్కలు చూసినప్పుడల్లా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆశయం లేక ఆరోగ్యం పాడైందా, ఆరోగ్యం పాడై ఆశయం పోయిందా? గుండె బలహీనపడుతున్న మనిషికి ఆ సంగతి డాక్టర్ చెప్పేలోపే ఒంట్లో ఓపిక తగ్గుతుంది. దేనిమీదా ఆసక్తి ఉండదు. ఆ సమయంలో సర్వే వాళ్లు వచ్చి అడిగితే ‘చేయాల్సిందంతా చేసేశాను’ అనే చెబుతాడు. తర్వాత రెండేళ్లకు చనిపోతే, ఆశయం లేక చనిపోయాడని లెక్కలోకి ఎక్కుతుంది.

ఈ అనుమానం ఊహ కాదని బ్రిటన్‌లో జరిగిన ‘మిలియన్ విమెన్’ అధ్యయనం చూపించింది. ఏడు లక్షల మందికి పైగా మహిళలను పదేళ్ల పాటు గమనించిన ఫలితం 2016లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చింది. పైపైన చూస్తే సంతోషంగా లేనివాళ్లే ఎక్కువగా చనిపోయారు. కానీ అప్పటికే ఉన్న జబ్బులు, సిగరెట్ అలవాటు వంటివాటి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేసి (దీన్నే సర్దుబాటు అంటారు) చూస్తే ఆ తేడా మాయమైంది. సంతోషం ఆయుష్షును పెంచడం లేదు, అనారోగ్యమే సంతోషాన్ని మింగేస్తోంది అని పరిశోధకులు తేల్చారు. ‘నవ్వుతూ ఉంటే నూరేళ్లు’ తరహా సలహాలకు ఇంత పెద్ద ఎదురుదెబ్బ మరొకటి లేదు.

దీనికి ఎదురుగా పెట్టగలిగిన అధ్యయనం అమెరికా క్రైస్తవ సన్యాసినుల మీద జరిగింది. ఇరవై రెండేళ్ల వయసు ప్రాంతంలో వాళ్లు రాసిచ్చిన చిన్న స్వీయచరిత్రలు 180 దాకా మఠాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో సంతోషం, కృతజ్ఞత, ఆశ వంటి భావాలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కించి, ఆరు దశాబ్దాల తర్వాత ఎవరు బతికున్నారో చూశారు. అలాంటి భావాలు ఎక్కువగా రాసినవాళ్లు ఎక్కువకాలం బతికారు. ఒకే రకం ఇల్లు, ఒకే రకం తిండి, పెళ్లీ పిల్లలూ లేరు కాబట్టి పోలిక చాలావరకు శుభ్రమైనదే. కానీ ఏడు లక్షల మంది ఎక్కడ, 180 మంది ఎక్కడ?

ఆశయం విషయంలో మాత్రం సర్దుబాట్లు చేశాక కూడా తేడా పూర్తిగా పోవడం లేదు, తగ్గుతుందంతే. అలాగని అంకెలన్నిటినీ గుడ్డిగా నమ్మనక్కర్లేదు. 2019లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం ఆన్‌లైన్‌లో విపరీతంగా తిరిగింది. యాభై దాటిన 6,985 మందిలో ఆశయం అట్టడుగున ఉన్నవాళ్లకు మరణ ముప్పు పైమెట్టు వాళ్లతో పోలిస్తే 2.4 రెట్లని చెప్పిన అధ్యయనం అది. 2006లో ప్రశ్నలు అడిగి 2010 వరకే చూశారు. నాలుగేళ్లంటే మరీ తక్కువ. అప్పటికే లోలోపల జబ్బుపడి ఉన్నవాళ్లు అందులో ఎందరో. ప్రభావం నిజంగా ఉండొచ్చు కానీ అంత పెద్దది కాదనుకోవడమే న్యాయం.

ఆశయం ఒంటికి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఏ అద్భుతాలూ అక్కర్లేదు. ఏడు వేల మందికి పైగా పెద్దవాళ్లను ఆరేళ్లు గమనించి 2014లోనే మరో బృందం చూసింది ఇదీ: ఆశయం ఉన్నవాళ్లు కొలెస్ట్రాల్ పరీక్ష, పెద్దపేగు పరీక్ష, ఆడవాళ్లైతే రొమ్ము క్యాన్సర్ పరీక్ష ఎక్కువగా చేయించుకుంటున్నారు. ఆరు మెట్ల కొలతలో ఒక్కో మెట్టు పైకి వెళ్లేకొద్దీ ఆసుపత్రిలో గడిపే రాత్రులు 17 శాతం తగ్గాయి. నడవాలి, ఉప్పు తగ్గించాలి, సిగరెట్ మానాలి అన్నది తెలియనివాళ్లు ఎవరున్నారు? తెలిసీ చేయకపోవడానికి చాలాసార్లు కారణం బద్ధకం కూడా కాదు. ఎవరి కోసం చేయాలి అన్నది తేలకపోవడం. వచ్చే ఏడాది తన చేతి మీదుగా జరగాల్సిన పని ఉన్న మనిషి మోకాలి నొప్పిని రెండు నెలలు నానబెట్టడు.

మెదడు సంగతి ఇంకొంచెం ఆసక్తికరం. షికాగోలోని రష్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో పట్రీషియా బాయిల్ బృందం కొన్నేళ్లుగా పెద్దవాళ్లను పరీక్షిస్తూ వస్తోంది. తాము చనిపోయాక మెదడును పరీక్షించుకోవచ్చని వాళ్లలో చాలామంది ముందే ఒప్పుకున్నారు. అలా 246 మంది మెదళ్లను చూసిన ఫలితం 2012లో వచ్చింది. ఆశయం బలంగా ఉన్నవాళ్ల మెదడులోనూ అల్జీమర్స్ మచ్చలు, చిక్కులు ఉన్నాయి. అదే స్థాయి నష్టం ఉన్న మిగతావాళ్లతో పోలిస్తే మాత్రం బతికుండగా వాళ్ల జ్ఞాపకశక్తి, ఆలోచన మెరుగ్గా పనిచేశాయి. జబ్బు రాకుండా ఆగలేదు, వచ్చిన జబ్బును మెదడు ఎక్కువకాలం తట్టుకుంది. ఎందుకు అన్నదానికి ఇంకా పక్కా వివరణ లేదు.

చేయాల్సింది ఉండటం అంటే తరచూ ఎవరికో చేయాల్సింది ఉండటమే. స్టెఫానీ బ్రౌన్ బృందం 423 వృద్ధ దంపతులను ఐదేళ్లు గమనించి 2003లో ఒక చిత్రమైన సంగతి చెప్పింది. చుట్టాలకు, స్నేహితులకు, ఇరుగుపొరుగుకు సాయం చేసినవాళ్లలో, జీవిత భాగస్వామికి మనసులో అండగా నిలిచినవాళ్లలో మరణాలు తగ్గాయి. సాయం అందుకున్నవాళ్లకు అలాంటి మేలు కనిపించలేదు. వయసు మీదపడిన తల్లిదండ్రులకు ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టి చూసుకోవడమే ప్రేమ అనుకునే పిల్లలు ఈ ఫలితం దగ్గర కాసేపు ఆగడం మంచిది.

2012లో ఇంకో మెలిక బయటపడింది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో స్వచ్ఛంద సేవ చేసే పెద్దవాళ్లను ఎందుకు చేస్తున్నారని అడిగారు. ఇతరుల కోసం అన్నవాళ్లు నాలుగేళ్ల తర్వాత ఎక్కువగా బతికి ఉన్నారు. నాకు మంచిది కాబట్టి, నా సమస్యలు మరిచిపోవడానికి అన్నవాళ్లకు మాత్రం అసలు సేవే చేయనివాళ్లతో పోలిస్తే పెద్ద తేడా లేదు. ఇది చదివి, ‘అయితే ఆయుష్షు పెరగడానికి రేపటి నుంచి ఇతరుల కోసమే చేస్తా’ అనుకుంటే కథ మళ్లీ మొదటికొచ్చినట్టే.

ఇంతవరకు వింటే, ఎవరికో ఒకరికి అవసరమైతే చాలు, బతుకు బాగుపడుతుంది అనిపిస్తుంది. అది సగమే నిజం. మిగతా సగం చాలా చేదు. రోజువారీ పనులు సొంతంగా చేసుకోలేని భార్యనో భర్తనో చూసుకునే 392 మందిని నాలుగేళ్లు గమనించిన అధ్యయనం 1999లో వచ్చింది. ఆ చాకిరీలో నలిగిపోతున్నామని చెప్పినవాళ్లలో మరణ ముప్పు అలాంటి బాధ్యత లేనివాళ్ల కంటే 63 శాతం ఎక్కువ. వాళ్లకంటే ఎక్కువగా ఇంకొకరికి అవసరమైన మనుషులు ఎవరుంటారు? వాళ్ల రోజుకు అర్థం లేదని ఎవరనగలరు? అయినా ఆ అర్థమే వాళ్లను తినేసింది.

తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగాన్ని దగ్గరగా చూడాలి. రెండు అంతస్తుల్లో ఉంటున్న 91 మంది మీద అది జరిగింది. ఒక అంతస్తు వాళ్లను ఆశ్రమ నిర్వాహకుడు పిలిచి మాట్లాడాడు. మీ గదిలో కుర్చీలు, బల్లలు ఎక్కడుండాలో మీరే చెప్పండి, ఏదైనా నచ్చకపోతే మార్చుకోవాల్సింది మీరే అన్నాడు. వారంలో రెండు రాత్రులు సినిమా వేస్తారు, ఏ రాత్రి చూడాలో, అసలు చూడాలో వద్దో మీ ఇష్టం అన్నాడు. చివర ఒక పెట్టెలో చిన్న చిన్న మొక్కలు తిప్పారు. కావాలంటే ఒకటి ఎంచుకోండి, దాని మంచిచెడ్డలు మీవే అన్నారు. రెండో అంతస్తు వాళ్లకూ అవే సదుపాయాలు. కానీ మాట తీరు వేరు. మీ గదిని బాగా ఉంచడం మా బాధ్యత, మీ సినిమా రోజు మేం చెబుతాం, ఇదిగో మొక్క, నీళ్లు నర్సులు పోస్తారు.

మూడు వారాలకే మొదటి అంతస్తులో హుషారు పెరిగింది. జనం పక్క గదులకు వెళ్లడం, సిబ్బందితో మాట్లాడటం ఎక్కువైంది. ఏడాదిన్నర తర్వాత చూస్తే మొదటి జట్టు 47 మందిలో 7గురు, రెండో జట్టు 44 మందిలో 13 మంది చనిపోయారు. ఇంత చిన్న సంఖ్యల్లో కాకతాళీయానికి చోటెక్కువ. పైగా మరణాల గణాంక లెక్కలో పొరపాటుందని రచయితలే తర్వాత సవరణ వేశారు. మరణాల మాట పక్కన పెట్టినా, మూడు వారాల మార్పు మిగులుతుంది. మొక్కలు ఇద్దరికీ ఇచ్చారు. దాన్ని ఏం చేయాలో చెప్పే హక్కు మాత్రం ఒకరికే దక్కింది. భాగస్వామికి సేవ చేస్తూ నలిగిపోయిన మనిషికి లేనిదీ అదే: ఇవాళ నావల్ల కాదు అని చెప్పగలిగే వీలు.

దాదాపు అదే కాలంలో రిచర్డ్ షుల్జ్ చేసిన ప్రయోగం ఇంకో హెచ్చరిక మిగిల్చింది. వృద్ధాశ్రమంలోని పెద్దవాళ్లను చూడటానికి కాలేజీ విద్యార్థులు వచ్చేవారు. ఎప్పుడు రావాలో, ఎంతసేపు ఉండాలో కొందరు పెద్దవాళ్లే నిర్ణయించారు. కొందరికి ఎప్పుడు వస్తారో ముందే తెలిసేది. ఈ రెండు గుంపులవాళ్లూ బాగా కోలుకున్నారు. ప్రయోగం ముగిసింది, విద్యార్థులు రావడం మానేశారు. తర్వాత ఆరా తీస్తే, బాగా కోలుకున్న ఆ గుంపులవాళ్లే మిగతావాళ్ల కంటే ఎక్కువగా దిగజారారు. ఒకసారి చేతికిచ్చి లాక్కున్న దానికి మొదటే ఇవ్వని దానికంటే ఖరీదెక్కువ. పెద్దవాళ్ల కోసం నెల రోజుల కార్యక్రమాలు పెట్టి, ఫొటోలు దిగి వెళ్లిపోయే సంస్థలు ఆలోచించాల్సిన విషయమిది.

మరి ఆనందం సంగతి? ఆశయం, ఆనందం జంటగానే తిరుగుతాయనుకుంటాం, చాలాసార్లు తిరుగుతాయి కూడా. కానీ రాయ్ బామిస్టర్ బృందం 2013లో దాదాపు 400 మంది జవాబులను విడదీసి చూస్తే దారులు వేరయ్యే చోట్లు కనిపించాయి. కోరుకున్నవి అమరడం, ఒంట్లో బాగుండటం, జేబులో డబ్బుండటం ఆనందాన్ని పెంచాయి, అర్థాన్ని పెద్దగా పెంచలేదు. ఇవ్వడం అర్థంతో ముడిపడింది. టెన్షన్, ఆందోళన, ఎప్పుడూ రేపటి గురించిన ఆలోచన అర్థం ఎక్కువున్న జీవితాల్లోనే ఎక్కువ కనిపించాయి. పసిపిల్లలున్న ఏ ఇంట్లోకి వెళ్లినా ఇది అర్థమవుతుంది. ఆ తల్లిదండ్రులను ఆ క్షణంలో ఎలా ఉన్నావంటే నిద్ర చాలడం లేదంటారు. ఈ పదేళ్లలో విలువైనది ఏమిటంటే ఆ పిల్లలనే చూపిస్తారు.

పైగా ఆనందాన్ని నేరుగా వెంటాడితే అది ముందుకు పరిగెడుతుంది. ఐరిస్ మాస్ బృందం 2011లో కొందరు మహిళలతో సంతోషం ఎంత గొప్పదో చెప్పే వ్యాసం చదివించి, తర్వాత ఒక హాయైన సినిమా ముక్క చూపించింది. ఆ వ్యాసం చదివినవాళ్లకే ఆనందం తక్కువ కలిగింది. ఇంత మంచి సినిమా చూస్తూ కూడా ఇంకా సంతోషం రావడం లేదేమిటని లోలోపల కొలుచుకోవడమే కారణమై ఉంటుంది. లాటరీ తగిలినవాళ్ల మీద 1978లో జరిగిన ప్రసిద్ధ అధ్యయనం కూడా ఈ దారిలోదే. 22 మంది విజేతలు పక్కింటివాళ్ల కంటే చెప్పుకోదగ్గ సంతోషంగా ఏమీ లేరు. స్నేహితుడితో కబుర్లు, టీవీ చూడటం లాంటి రోజువారీ చిన్న సరదాలు వాళ్లకు మిగతావాళ్లంతగా రుచించలేదు. డబ్బు దండగ అని దీనర్థం కాదు. లేమిలో ఉన్నవారికి ఆదాయం పెరిగితే బతుకు కచ్చితంగా తేలికవుతుంది.

1938లో హార్వర్డ్‌లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న అధ్యయనం గురించి తెలియనివాళ్లు తక్కువ కాబట్టి క్లుప్తంగా చాలు. 268 మంది హార్వర్డ్ విద్యార్థులు, బోస్టన్ పేదవాడల నుంచి 456 మంది కుర్రాళ్లు. యాభయ్యో ఏట ఎవరి అనుబంధాలు తృప్తిగా ఉన్నాయో చూస్తే ఎనభయ్యో ఏట ఎవరు ఆరోగ్యంగా ఉంటారో కొలెస్ట్రాల్ కంటే బాగా తెలిసింది. మొదట తీసుకున్నదంతా తెల్లజాతి మగవాళ్లనే అన్న లోటు ఉంది. అయినా దీన్ని కేవలం ప్రేమాభిమానాల కథగా చెప్పడం సరికాదు. తృప్తినిచ్చే అనుబంధంలో ప్రేమ ఒక్కటే ఉండదు. అక్కడ మనం చేయాల్సిన పని ఉంటుంది, మన మాటకు విలువ ఉంటుంది.

ఈ మూడూ, అంటే ఎవరికో అవసరం కావడం, నిర్ణయించే అధికారం, మధ్యలో ఆగని కొనసాగింపు, కలిపి కావాలని కట్టిన పథకం ఒకటుంది. వృద్ధుల వైద్య నిపుణురాలు లిండా ఫ్రీడ్ బృందం అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో నడిపిన ‘ఎక్స్‌పీరియన్స్ కోర్’ అది. అరవై దాటినవాళ్లను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు పంపారు, వారానికి 15 గంటలు, కనీసం ఒక బడి సంవత్సరం. ఒక్కొక్కరిగా కాదు, జట్లుగా. ముందు శిక్షణ, ఖర్చులకు కొద్దిపాటి భత్యం. పిల్లలతో చదివించడం, మూతపడ్డ లైబ్రరీని తెరిపించి నడపడం, పిల్లల గొడవలు తీర్చడం వాళ్ల పని. ‘మీ ఆరోగ్యానికి మంచిది, రండి’ అని పిలవలేదు. అలా పిలిస్తే వ్యాయామ తరగతుల్లాగే నాలుగు వారాలకు ఖాళీ అవుతుందని వాళ్లకు తెలుసు. పిల్లలకు మీరు కావాలి అన్నారు. ఆ బడికి వెళ్లాలంటే బస్సెక్కాలి, మెట్లెక్కాలి, పాతికమంది పిల్లల పేర్లు గుర్తుపెట్టుకోవాలి. నడక, జ్ఞాపకం, మాట అన్నీ అడక్కుండానే సమకూరాయి.

పై అధ్యయనాల్లో చాలావాటికి లేని బలం దీనికుంది. 702 మందిని చీటీలు తీసినట్టు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టునే బడులకు పంపారు. కాబట్టి ఆరోగ్యవంతులే సేవకు వచ్చారన్న అనుమానం ఇక్కడ నిలవదు. కొందరికి రెండేళ్లలో మూడుసార్లు మెదడు స్కాన్ తీస్తే, జ్ఞాపకశక్తికి కీలకమైన భాగాలు వయసుతో కుంచించుకుపోవడం బడికి వెళ్లినవాళ్లలో ఆగింది, మగవాళ్లలో కాస్త పెరిగింది కూడా. వచ్చినవాళ్లలో ఎక్కువమంది తక్కువ ఆదాయంలో బతికే నల్లజాతి మహిళలు. రిటైరై తీరిగ్గా తమ ఆసక్తులను వెతుక్కునే స్తోమత ఉన్న జనం కాదు వాళ్లు. అలాంటివాళ్లతో ‘మీ ఆశయం కనుక్కోండి’ అని చెప్పి ఊరుకుని ఉంటే వచ్చేదేమీ లేదు. బడిలో ఒక కుర్చీ, ఒక టైమ్‌టేబుల్, నెలనెలా భత్యం ముందుగా సిద్ధం చేయాల్సి వచ్చింది, దానికి డబ్బు పెట్టేవాళ్లు కావాల్సి వచ్చింది. వృద్ధాప్యంలో ఆశయం గురించి మాట్లాడేటప్పుడు సలహాలన్నీ మనిషికే చెబుతారు, ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న ప్రశ్నను మాత్రం పురపాలక సంఘాలను, విద్యాశాఖలను అడిగేవాళ్లు అరుదు.